మన ప్లేటులో ఏముండాలో ఎవరు తేల్చారు?

మెస్ గంట కొట్టగానే ప్లేటు, గ్లాసు పట్టుకుని లైనులోకి ఉరికిన వాళ్లమే మనమంతా. వెనక పడితే కూర అయిపోతుందన్న భయం మనకు ఎవరూ నేర్పలేదు, దానంతటదే వచ్చింది. అన్నానికి మాత్రం ఎన్నడూ కరువు లేదు. అడిగితే ఇంకో గరిటె వేసేవారు. పప్పులోనే పప్పు వెతుక్కోవాల్సి వచ్చేది. ఆ రోజుల్లో మేము వార్డెన్ సారును తిట్టుకున్నాం, వంట చేసే అన్నలను తిట్టుకున్నాం. కాలేజీలకు వెళ్లి నాలుగు పుస్తకాలు చదివాక మాకు ఒక సంగతి అర్థమైంది. అన్నం ఎక్కువ, పప్పు తక్కువ అనే లెక్క మన వంటగదిలో పుట్టింది కాదు. అది దేశ వ్యవసాయ విధానంలో పుట్టి, లారీ ఎక్కి, గోదాము దాటి మన వంటగదికి వచ్చింది. ఈ వార్షికోత్సవ సంచికలో తమ్ముళ్లతో పంచుకోవాలనుకున్నది ఆ సంగతే.

1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్-8 అనే పొట్టి వరి వంగడాన్ని విడుదల చేసింది. నీళ్లు, ఎరువు ఇస్తే పాత రకాలకంటే ఎన్నో రెట్లు పండింది. మరుసటి ఏడాదికే మన గోదావరి జిల్లాల పొలాల్లోకి వచ్చింది. విదేశీ ఓడల గోధుమల కోసం ఎదురుచూసే దేశం తన గింజలు తాను పండించుకోగలిగింది. ఆ పరిశోధనను తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చినప్పుడు మన ఇళ్లలో జరిగిన మార్పు కూడా చిన్నది కాదు. అంతవరకు మన అమ్మలకు వరి అన్నమంటే పండగ పూట తిండి. దొరల ఇళ్లలో రోజూ ఉడికేది మన పొయ్యి మీద కూడా రోజూ ఉడకడం ఆకలి తీరడం ఒక్కటే కాదు, అది ఒక గౌరవం. ఈ మాట మరిచిపోయి ఎవరైనా పేదలకు చిరుధాన్యాల మీద నీతులు చెబితే మేము ఒప్పుకోం.

అయితే గింజల రాశి పెరిగితే ఆకలి పోతుందన్న నమ్మకం నిజం కాలేదు. 1981లో అమర్త్య సేన్ కరువుల మీద రాసిన పుస్తకం ఈ సంగతి తేల్చి చెప్పింది. 1974లో బంగ్లాదేశ్‌లో కరువు వచ్చింది. 1971 నుంచి 1975 వరకు చూస్తే తలసరి గింజలు ఎక్కువగా ఉన్నది ఆ ఏడాదే. మరి ఎందుకు చచ్చిపోయారు? వరదలకు పొలం పనులు పోయాయి, కూలి పోయింది, బియ్యం ధర పెరిగింది. గింజ ఉంది, దాన్ని కొనే శక్తి లేదు. చచ్చిపోయిన వాళ్లలో ఎక్కువమంది కూలీలు. అంటే మన అమ్మానాన్నల వంటివాళ్లు. అన్నం పండించే చేతికే అన్నం అందకపోవడం దేవుడి రాత కాదని మన పెద్దలు బతుకుతో చెప్పారు, ఆయన లెక్కలతో చెప్పారు.

మన దేశంలోనూ ఇదే చూశాం. 2001 జూలై నాటికి ప్రభుత్వ గోదాముల్లో 6 కోట్ల టన్నులకు పైగా ధాన్యం మూలుగుతోంది. అదే సమయంలో రాజస్థాన్ వంటి చోట్ల జనం కరువుతో అల్లాడుతున్నారు. పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2001 నవంబర్ 28న కోర్టు ఇచ్చిన ఆదేశం వల్లే దేశమంతటా ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం హక్కయింది. పిల్లవాడికి కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రొటీను ఉండాలని ఆ ఆదేశం చెప్పింది. ఆకలిని బస్తాల్లో కాక ప్లేటులో కొలిచిన మాట అది.

కానీ 2013లో వచ్చిన ఆహార భద్రత చట్టం రేషన్ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ బస్తాల లెక్కకే పోయింది. నెలకు మనిషికి 5 కిలోల ధాన్యం. 2023 జనవరి నుంచి అది ఉచితం కూడా అయింది. మంచిదే. కానీ ఆ 5 కిలోల్లో పప్పు లేదు, నూనె లేదు. ఫలితం ఏమిటి? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. కడుపు నిండింది, ఒంటికి బలం రాలేదు.

మాలో చాలామందిమి జహీరాబాద్ వైపు మెట్ట పల్లెల నుంచి వచ్చినవాళ్లం. జొన్న, కంది, శనగ మా చెలకల పంటలు. సెలవులకు ఇంటికి పోయి వచ్చేటప్పుడు అమ్మ మూటగట్టి ఇచ్చిన జొన్నరొట్టెలను పెట్టెలో దాచుకుని, ఎవరూ లేనప్పుడు తిన్న రోజులున్నాయి. పేదల తిండి అని సిగ్గు. అదే ముంబై రోడ్డు మీద పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. జొన్న, కంది, శనగ మీద ప్రపంచ దేశాల కోసం పరిశోధన చేసే సంస్థ అది. జొన్నకు ఏటా మద్దతు ధర ప్రకటిస్తారు. కానీ ధర ప్రకటించడం వేరు, వచ్చి కొనడం వేరు. వరిని కొన్నట్టు జొన్నను కొనలేదు. ప్రపంచానికి విత్తనం చూపిన జిల్లాలో మన హాస్టల్ ప్లేటులోకి ఒక్క జొన్నరొట్టె రాలేదు. లోపం విత్తనంలో లేదు, విధానంలో ఉంది.

దీనికి మన దగ్గరే జవాబు చెప్పినవాళ్లున్నారు. 1990ల మధ్యలో జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళిత మహిళలే, పడావు పడ్డ చెలకలను సాగులోకి తెచ్చారు. సాగుకు తీసుకున్న అప్పును జొన్నల రూపంలో తిరిగి కట్టించుకుని ఊళ్లోనే నిల్వ చేశారు. ఎవరు నిరుపేదలో ఊరే కూర్చుని తేల్చి, వాళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. చదువు రాదని మనం అనుకునే అమ్మలు చేసిన ఆహార విధాన పరిశోధన అది. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి విభాగం వారి ఈక్వేటర్ బహుమతి దక్కింది.

దూరాన ఉన్న బ్రెజిల్ కూడా ఈ దారిలో నడిచింది. బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతంతో చిన్న కుటుంబ రైతుల దగ్గరే కొనాలని 2009లో చట్టం చేసింది. బడి పిల్లవాడి ప్లేటు చిన్న రైతుకు మార్కెట్ అయింది. 2014లో ఆ దేశం ఐక్యరాజ్యసమితి ఆకలి పటం నుంచి బయటపడింది. తర్వాత పథకాలకు నిధులు కోసి నిర్లక్ష్యం చేస్తే మళ్లీ అందులో పడింది. 2025లో తిరిగి బయటికొచ్చింది. ఆకలిని పంపించేదీ, తిరిగి పిలిచేదీ విధానమే అనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఇక మన సంగతి. 2015 జనవరి నుంచి తెలంగాణ హాస్టళ్లకు సన్నబియ్యం వచ్చాయి. 2024లో 8 నుంచి 10వ తరగతి వారికి డైట్ చార్జీలు నెలకు 1,100 నుంచి 1,540 రూపాయలకు పెరిగాయి. ఏళ్ల తరబడి విద్యార్థులు రోడ్డెక్కితే వచ్చిన పెంపు ఇది, ఎవరి దయా కాదు. అయినా లెక్కేస్తే రోజుకు 51 రూపాయలు. పప్పు, కూరగాయలు, గుడ్డు, పాలు ఆ లెక్కలోనే చూసుకోవాలి. ధరలు నెలనెలా పెరుగుతుంటే చార్జీలు ఏళ్లకొకసారి పెరిగితే, మధ్యలో పలచబడేది పప్పే.

అందుకే మేము అడిగేది మూడు మాటలు. డైట్ చార్జీలు ధరలతో పాటు ఏటా పెరగాలి. హాస్టళ్లకు కావలసిన కందిపప్పు, జొన్నలు, కూరగాయల్లో కొంత భాగం చుట్టుపక్కల సన్నకారు రైతుల దగ్గరే కొనాలి. వాళ్లలో మన అమ్మానాన్నలూ ఉంటారు. మూడోది, ప్రతి హాస్టల్‌లో విద్యార్థుల ఎత్తు, బరువు, రక్తం శాతం ఏటా కొలిచి, విధానాలు రాసేవాళ్ల ముందు పెట్టాలి. బియ్యం స్టాకు రిజిస్టరుకు ఉన్న విలువ పిల్లల ఆరోగ్యానికి కూడా ఉండాలి.

చివరగా తమ్ముళ్లకు ఒక మాట. ఇంజనీరింగ్, పోలీసు ఉద్యోగం, గ్రూప్స్, అన్నీ మంచివే. కానీ ఏజీ బీఎస్సీ, ఆర్థికశాస్త్రం, పోషకాహార శాస్త్రం వైపు కూడా కొందరైనా వెళ్లండి. ఆకలి గురించి పుస్తకాలు రాసినవాళ్లలో లైనులో నిలబడినవాళ్లు తక్కువ. కూర అయిపోతుందేమోనన్న భయం తెలిసినవాడు రాసే లెక్క వేరుగా ఉంటుంది. ఆ లెక్క మన హాస్టల్ నుంచి వెళ్లినవాళ్లు రాయాలని, అంతవరకు పప్పులో పప్పు ఎంతుందో అడగడం మానొద్దని మా కోరిక.