తూము గుర్తుంది, మత్తడి మరిచాం

నీళ్లలో నిలబడి వాడిపోతున్న మొక్కను మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే, వచ్చే వానకాలంలో నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా ముసురు పట్టిన తరువాత జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఏదైనా పసుపు చేను గట్టు మీద నిలబడి చూడండి. సాళ్ల మధ్య చీలమండ లోతున నీరు ఉంటుంది. ఆకులు మాత్రం నీరందని చేనులో లాగా అంచులు ఎండి, పసుపు పచ్చబడి వేలాడుతుంటాయి. గట్టుకు అవతల మడిలో వరి అదే నీటిలో హాయిగా పచ్చగా ఉంటుంది. రెండు చేలకూ ఒకే వాన, ఒకే నేల, తరచు రైతు కూడా ఒకడే.

"తెగులు తగిలింది" అని పెద్దలు అంటారు. మందుల దుకాణానికి వెళ్లి ఒక సీసా తెచ్చి పోస్తారు. మాట అబద్ధం కాదు. తెగులు తగిలిన సంగతి నిజమే. కాని ఆ తెగులుకు తలుపు తీసింది ఎవరు అన్న ప్రశ్న ఎవరూ అడగరు. ఆ ప్రశ్న అడగడం మీకు నేర్పాలనే ఈ వ్యాసం.

ముందు నేల సంగతి చూద్దాం. నేల అంటే గట్టి ముద్ద అనుకుంటాం. కాని మంచి చెలక నేలలో దాదాపు సగం ఖాళీయే. మట్టి రేణువుల మధ్య ఉండే ఆ సందుల్లో కొంత నీరు, కొంత గాలి ఉంటాయి. వేర్లు ఆ గాలిలోని ఆమ్లజనిని పీల్చుకొని బతుకుతాయి. ఆకులు ఆమ్లజనిని తయారు చేస్తాయి కదా, వేర్లకు మళ్లీ గాలి ఎందుకని మీరు అడగవచ్చు. వేరు చీకటిలో ఉంటుంది, దానికి పత్రహరితం లేదు. మీలాగే, నాలాగే అది కూడా శ్వాసించాలి.

వాన నీరు నిలిచిపోయినప్పుడు ఆ సందులన్నీ నీటితో నిండిపోతాయి. నీటిలోనూ ఆమ్లజని కరిగి ఉంటుంది, కాని అది గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీటిలో సుమారు 10,000 రెట్లు మెల్లగా వ్యాపిస్తుంది. కనుక నేలలో ఉన్న ఆమ్లజనిని వేర్లూ సూక్ష్మజీవులూ కలిసి ఒకటి రెండు రోజుల్లోనే వాడేస్తాయి. పైనుంచి కొత్తది దిగి రాదు. ఆమ్లజని ఉన్నప్పుడు ఒక గ్లూకోజు అణువు నుంచి కణానికి సుమారు 30 ఏటీపీ అణువుల శక్తి లభిస్తుంది. అది లేనప్పుడు కణం పులియబెట్టే పద్ధతికి దిగుతుంది. అప్పుడు దక్కేవి రెండే రెండు, పైగా ఆల్కహాలు పోగుపడుతుంది. నెలకు 30 రూపాయలతో గడిచే ఇల్లు 2 రూపాయలతో గడవాలంటే ఏమవుతుంది? దాచుకున్నది తినవలసి వస్తుంది. మొక్క దుంపలో దాచుకున్న పిండిపదార్థం అలాగే ఖర్చయిపోతుంది.

నీళ్లలో ఉండి వాడిపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. వేరు కణాల పొరల్లో నీరు లోపలికి ప్రవేశించే సూక్ష్మమైన ద్వారాలు ఉంటాయి. ఊపిరాడని కణంలో ఆమ్లగుణం పెరుగుతుంది, దానితో ఆ ద్వారాలు మూసుకుపోతాయి. చుట్టూ నీరే, లోపలికి మాత్రం చుక్క పోదు.

ఇప్పుడు తెగులు దగ్గరికి వద్దాం. పసుపులో దుంపకుళ్లును కలిగించే వాటిలో ముఖ్యమైనది పిథియం అనే శిలీంధ్రం వంటి జీవి. దాని బీజాలకు రెండేసి కొరడాల వంటి తోకలు ఉంటాయి. ఆ తోకలతో అవి ఈదుతాయి! ఈదాలంటే ఏం కావాలి? నీరు కావాలి. పొడి నేలలో నిద్రపోతున్న ఈ జీవికి నిలువ నీరు రహదారి వేసి ఇస్తుంది. ఊపిరాడక నీరసించిన వేర్ల నుంచి చక్కెరలు బయటికి కారుతుంటాయి, ఆ వాసన పట్టుకొని బీజాలు నేరుగా అక్కడికే చేరుతాయి. కాండం మొదలు మెత్తబడుతుంది, పట్టి లాగితే ఊడి చేతికి వస్తుంది, తవ్వి చూస్తే దుంప లోపల మెత్తగా కుళ్లి దుర్వాసన వేస్తుంది. దుంప ఈగ పిల్లపురుగులు కూడా ఈ కుళ్లిన దుంపల్లోనే చేరతాయి.

ఆకులు పచ్చబడడం చూసి యూరియా చల్లేవారు మరికొందరు. నేలలో ఆమ్లజని అయిపోగానే కొన్ని సూక్ష్మజీవులు నైట్రేటులోని ఆమ్లజనిని లాక్కొని శ్వాసిస్తాయి, అందులోని నత్రజని వాయువై ఆకాశంలో కలిసిపోతుంది. నైట్రేటు అయిపోతే మాంగనీసు, ఆ తరువాత ఇనుము, ఆ పైన గంధకం వంతు వస్తుంది. పేడ నీళ్లు నిలిచిన గుంతలో కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుందే, అది ఈ చివరి అంకం. వేర్లు శ్వాసించలేని నేలలో ఎంత యూరియా వేసినా అవి తీసుకోలేవు. నేల ఆరి మళ్లీ మునిగినప్పుడు అందులో పెద్ద భాగం గాలిలో పోతుంది. రైతు డబ్బు కూడా దానితోపాటే పోతుంది.

మరి వరి ఎలా బతుకుతున్నది? వరి నారును పీకి కాండాన్ని అడ్డంగా కోసి, భూతద్దంతో చూడండి. లోపల గాలి గొట్టాలు కనిపిస్తాయి. ఆకుల నుంచి వేరు కొనల దాకా ఆమ్లజనిని దింపే సొరంగాలు అవి. వరి వేర్లకు ఎర్రటి తుప్పు పట్టినట్లు ఉండడం కూడా గమనించండి. ఆ గొట్టాల నుంచి బయటికి జారిన ఆమ్లజని చుట్టూ ఉన్న ఇనుముతో కలిసి తుప్పుగా మారిన గుర్తు అది. వరి తన ఊపిరిని తానే మోసుకుపోతుంది. పసుపుకు అటువంటి ఏర్పాటు లేదు. మక్కకు నీరు నిలిస్తే కొత్త వేర్లు పుట్టి వాటిలో కొద్దిగా గాలి గదులు ఏర్పడతాయి గాని, లేత పైరుకు రెండు మూడు రోజుల ముంపే ప్రమాదం.

నేలలో దుంప పెంచుకునే పైర్లన్నింటికీ ఈ బాధ ఉంది. తూర్పు గోదావరి వైపు పెద్దాపురం, సామర్లకోట ప్రాంతాల్లో పండే కర్రపెండలాన్ని తీసుకోండి. మీరు తినే సగ్గుబియ్యం దాని పిండితో చేసినదే. అది ఎండను ఎంతగానో ఓర్చుకుంటుంది. వాన లేకపోతే కొన్ని ఆకులు రాల్చి ఊరుకుంటుంది, వాన పడగానే మళ్లీ చిగురిస్తుంది. అంతటి మొండి మొక్క కూడా నిలువ నీటికి తలవంచుతుంది. వేరే ఊది దుంప అయ్యే మొక్క అది. ఆ వేరుకే ఊపిరాడకపోతే దుంపలు తక్కువగా ఊరతాయి, ఊరినవి కుళ్లుతాయి, పిండి శాతం పడిపోతుంది. అందుకే దానిని తిప్పల మీదనో ఎత్తు బోదెల మీదనో నాటుతారు. పసుపు వేరు కాదు, నేలలో పెరిగే కాండం. పేరు వేరైనా బాధ ఒక్కటే.

ఒక్క తేడా ఉంది. పసుపు రైతు పెట్టేది చిన్న పెట్టుబడి కాదు. ఎకరానికి 8 నుంచి 10 క్వింటాళ్ల విత్తన దుంప కావాలి. జూన్‌లో నాటితే మళ్లీ జనవరి తరువాతనే తవ్వడం. అయిదు కిలోల పచ్చి పసుపును ఉడకబెట్టి ఎండబెడితే ఒక కిలో చేతికి వస్తుంది. ఇన్ని నెలల కష్టం ఆగస్టులో నిలిచిన ఒక వారం నీటితో కుళ్లిపోతుంది. 2025 జనవరి 14న నిజామాబాదులో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. ఎన్నో ఏండ్లు అడిగి సాధించుకున్నది, సంతోషించవలసిందే. కాని ఎంత మంచి ధర వచ్చినా కుళ్లిన దుంపను కొనేవారు ఉండరు కదా.

ఇక నా అసలు ఫిర్యాదు చెబుతాను. మన ప్రాంతం నీటి కోసం తపించిన ప్రాంతం. 1963లో పోచంపాడు దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టే నేటి శ్రీరాంసాగర్. అక్కడ బయలుదేరిన కాకతీయ కాల్వ మన జిల్లా మీదుగా పోయి, 146 కిలోమీటర్ల దూరంలో కరీంనగర్ దగ్గరి దిగువ మానేరు జలాశయానికి చేరుతుంది. సిరిసిల్ల వైపు చూస్తే, ఒకప్పుడు బావులు అడుగంటిన చోట 2019 తరువాత మధ్య మానేరులో 25 శతకోటి ఘనపుటడుగులకు పైగా నీటిని నిలిపే జలాశయం ఉంది. భూగర్భజలం పైకి వచ్చింది. 2018 జనవరి 1 నుంచి సేద్యపు మోటార్లకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. ఇవన్నీ నీరు తెచ్చే పనులు. నీరు తెచ్చినవారిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. కాని నీరు పోయే దారి మాటేమిటి?

పాత చెరువులు చూడండి. ప్రతి చెరువుకూ ఒక తూము, ఒక మత్తడి ఉంటాయి. తూము నీరిస్తుంది, మత్తడి మిగిలిన నీటిని కింది చెరువుకు పంపుతుంది. మత్తడి లేని చెరువు మొదటి పెద్ద వానకే తెగిపోతుందని ఎనిమిది వందల ఏండ్ల కింద కట్టినవారికి తెలుసు. మనం ఇంటికో మోటారు, చేనుకో పైపు పెట్టుకున్నాం, అంటే లక్షల తూములు కట్టాం. ఒక్క మత్తడి కట్టలేదు. పైగా ఉన్న ఒర్రెలను దున్ని చేనులో కలుపుకున్నాం, కాల్వల పక్కన తవ్విన మురుగు కాల్వలను తుంగకు వదిలేశాం. వరి మడి పైన, పసుపు చెలక కింద ఉన్న చోట మడి నీరు ఊరి ఊరి చెలకకు జాలు పట్టిస్తుంది.

పట్టణంలోనూ ఇదే కథ. 2021 సెప్టెంబరు 7న సిరిసిల్ల వీధులు మునిగినప్పుడు ఇండ్లలోకి నీరు వచ్చింది. నీటికి దారి మరిచిపోయే గుణం లేదు. దారిలో కట్టినదేమిటో దానికి తెలియదు, అంతే.

"నిన్నటి దాకా నీళ్లు లేవని ఏడ్చి ఇవాళ నీళ్లు ఎక్కువయ్యాయని ఏడుస్తావా?" అని మీ తాతగారు అడగవచ్చు. ఆ మాటలో బాధ ఉంది, దానికి గౌరవం ఇవ్వాలి. కాని పంజాబులో ముక్త్‌సర్ ప్రాంతపు రైతులు కూడా కాల్వలు వచ్చినప్పుడు సంతోషించారు. ఊట నీరు మెల్లగా పైకి వచ్చి, పత్తి చేలు జవుకు నేలలై, ఉప్పు తేలిన తరువాత గాని మురుగు కాల్వల గురించి ఆలోచించలేదు. అంతదాకా మనం ఆగాలా?

మురుగు కాల్వకు స్థలం ఎవరు ఇస్తారన్నదే అసలు చిక్కు. నా చేను నుంచి నీరు పోవాలంటే మీ చేను గట్టు పక్కగా పోవాలి. ఒక్క రైతు ఒంటరిగా చేయగల పని కాదు. ఎత్తు మడులు కట్టి, వాటి మీద బిందు సేద్యంతో పసుపు పండించే రైతులు ఇప్పుడు ఉన్నారు. విత్తన దుంపను శుద్ధి చేసి, ట్రైకోడెర్మా కలిపిన పశువుల ఎరువు వేసేవారూ ఉన్నారు. మంచివే. కాని ఎత్తు మడి మీది నీరు సాలులోకి దిగుతుంది, సాలు నుంచి ఎక్కడికి? ఊరంతా కూర్చొని ఒర్రెను మళ్లీ తెరవకపోతే ఎత్తు మడి కూడా రెండు వానలు ఆలస్యంగా మునుగుతుంది. జగిత్యాల పక్కనే పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. "జగిత్యాల సన్నాలు" వరి అక్కడిదే. కొత్త రకం విత్తనం కోసం క్యూ కట్టే మనం, నీరు పోయే వాలు కొలవమని అడగడానికి కూడా అంతే ఉత్సాహంగా వెళ్లాలని నా అభిప్రాయం. విత్తనం సంచిలో వస్తుంది కనుక కనిపిస్తుంది, వాలు కనిపించదు.

మీరు చేయగల పరీక్ష ఒకటి చెబుతాను. రెండు పాత డబ్బాలు తీసుకోండి. ఒకదానికి అడుగున నాలుగు రంధ్రాలు చేయండి, రెండోదానికి వద్దు. రెండింటిలో ఒకే మట్టి నింపి, మొలక వచ్చిన పసుపు ముక్కలు నాటండి. మొలకలు జానెడు పెరిగాక రెండింటికీ రోజూ ఒకే గ్లాసు నీరు, మట్టి మీద పలుచగా నిలిచేంత పోయండి. రంధ్రాల డబ్బాలో నీరు దిగిపోతుంది, రెండోదానిలో ఆగుతుంది. మూడు వారాల తరువాత రెండింటినీ తవ్వి వేర్ల రంగు, వాసన, మట్టి రంగు రాసుకోండి. రంధ్రాలు లేని డబ్బాలో ఎర్రమట్టి అక్కడక్కడ బూడిద రంగుకు తిరిగిందేమో చూడండి. తిరిగితే, ఇనుము తన ఆమ్లజనిని పోగొట్టుకున్నదని అర్థం.

తరువాత మీ చేనులో, అందరికంటే పల్లంగా ఉన్న చోట, అడుగు లోతు అడుగు వెడల్పు గుంత తవ్వించి నీటితో నింపండి. అది ఇంకిన తరువాత మళ్లీ నింపి, ఎంతసేపటికి ఇంకుతుందో గడియారం చూసి రాయండి. మరునాటికీ నీరు అలాగే ఉంటే ఆ చోట పసుపు నాటే ముందు ఇంట్లో ఆ కాగితం చూపించండి. మీ నాయనమ్మను అడిగి, ఆమె చిన్నతనంలో ఊరి ఒర్రె ఏ చేల మధ్య నుంచి పోయేదో ఆ కాగితం వెనుక గీత గీసి పెట్టుకోండి.