ఆగిన పంకా

బాలలూ! మామిడి కోతల ఎండల్లో నూజివీడులో పంకా ఆగితే మనకు ప్రాణం పోయినట్టుంటుంది. 2008లో అక్కడ మొదలైన ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్లు చాలా ఉన్నాయి. వాటికీ పంకా కావాలి. లోపల ప్రాసెసరు అనే చిన్న బిళ్ళ పనిచేస్తూ వేడెక్కుతుంది. దానిమీది లోహపు రేకులు ఆ వేడిని లాక్కుంటే, పంకా దాన్ని తరిమేస్తుంది.

పంకా ఆగిందా? కంగారు వద్దు. వేడి తక్కువైతే తమంతట తామే ఆగే పంకాలున్నాయి. కాని కంప్యూటరు మందగించి టప్పున ఆరిపోతే జబ్బే! సుమారు 100 డిగ్రీలు దాటితే ప్రాసెసరు తన్ను తాను కాపాడుకుంటుందన్నమాట.

పెద్దవాళ్ళచేత ప్లగ్గు తీయించి, మూత విప్పించండి. రెక్కను వేలితో మెల్లగా తిప్పి చూడండి. సులువుగా తిరిగితే తీగ ఊడిందేమో. బిగిస్తే దుమ్మో, అడ్డుపడ్డ తీగో, ఇరుసులో ఎండిన నూనెో. దుమ్మును మెత్తని కుంచెతో దులపాలి. నోటితో ఊదారో, తుంపర్లు పడతాయి! ఇరుసే అరిగితే కొత్త పంకా కొనడమే మేలు. ప్రాసెసరుకంటే అది ఎంతో చవక.