మునిగిన ఊరికి కైఫియత్తు ఏది?

గండికోట జలాశయంలో 26.85 టీఎంసీల నీళ్లు నిలబెట్టవచ్చు. ఆ నీళ్లకు చోటివ్వడానికి కడప జిల్లా కొండాపురం మండలంలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు అంతటి పెద్ద ఊరే ముంపులో కలిసింది. పోయిన ఆస్తికి లెక్క ఉంది. ఏది మిద్దె, ఏది రేకుల కొట్టం, దొడ్లో ఎన్ని చెట్లు, ఏ కుటుంబానికి ఎంత పరిహారం, కొత్త కాలనీలో ఎన్ని సెంట్లు అన్నదంతా ఫైళ్లకు ఎక్కింది. అట్లా ఎక్కాలి కూడా, ఆ లెక్క కోసమే జనం రోడ్డెక్కారు. అయితే ఊరి చెరువు ఎవరు తవ్వించారు, పీర్ల పండుగకు గుండం ఎక్కడ తొక్కేవాళ్లు, ఏ కరువులో ఎవరు ఏ దిక్కుకు వలసపోయారు, ఏ వీధి ఏ కులం పేరుతో ఎప్పుడు మొదలైంది అనే సంగతులకు ఆ ఫారాల్లో గడి లేదు. పరిహారం ఇచ్చే ఉద్యోగిని ఈ విషయంలో తప్పు పట్టలేం, అతని పని అది కాదు. మరి ఎవరి పని అన్నదే ప్రశ్న.

రెండు వందల ఏళ్ల కిందట ఇదే సీమలో ఆ గడి ఉండేది. 1800లో నిజాం ఈ సీమ జిల్లాలను ఈస్టిండియా కంపెనీ చేతికి వదిలేశాడు. మన్రో 1807 దాకా కలెక్టరుగా ఉండి పాలెగాళ్లను అణచి, పొలాలు కొలిపించి, రైతువారీగా శిస్తు కట్టాడు. ఆ రోజుల్లోనే సర్వే ఉద్యోగంలో ఉన్న కాలిన్ మెకంజీ కొలతలతో ఆగలేదు. కావలి బొర్రయ్య, ఆయన తమ్ముళ్లు లక్ష్మయ్య, రామస్వామి, వాళ్ల కింద పనిచేసిన ఇంకెందరో ఊరూరా తిరిగారు. కరణాల ఇండ్లల్లోని కవిలెకట్టలు విప్పించి, గుడి ముందరి శాసనాలకు నకళ్లు రాసుకుని, పెద్దమనుషులు చెప్పింది చెప్పినట్టు ఎక్కించుకున్నారు. ఊరు ఎవరు కట్టారు, పొలిమేర ఎందాక, మాన్యాలు ఎవరివి, ఏ దండు వచ్చి దోచింది, ఏ చెరువు ఎప్పుడు తెగింది అనే వివరాలన్నీ కలిస్తేనే కైఫియత్తు. తర్వాత సి.పి. బ్రౌన్ దొర వాటికి నకళ్లు రాయించాడు. కడపలో ఆయన పేర జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికతో లేచిన గ్రంథాలయం, కట్టా నరసింహులు వంటి వారి ఓపిక, ఈ రెండూ కలిసి జిల్లా కైఫియత్తులను అచ్చు పుస్తకాలుగా మనకు అందించాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాల పల్లెల గురించి అప్పటి సంగతి తెలుసుకోవాలంటే ఇవాళ ఆ సంపుటాలే దిక్కు. 1820 నాటి ఊరి గురించి ఉన్నంత సమాచారం 1980 నాటి అదే ఊరి గురించి దొరకదంటే అది వింతగా తోస్తుంది గాని, నిజం అంతే.

దీనికి కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. మన దగ్గర ఊరి చరిత్ర ఎప్పుడూ సర్కారుకు అవసరం పడినప్పుడే రాయబడింది. మెకంజీ సర్వే కోసం వచ్చాడు. 1875లో గ్రిబుల్ రాసిన జిల్లా మాన్యువల్, 1915లో బ్రాకెన్‌బరీ కూర్చిన గెజిటీరు కొత్తగా వచ్చే దొరల చేతికివ్వడానికి తయారైనవి. ఎవరికి ఏది కావాలో అదే కాగితం మీదికి వచ్చింది, అక్కర లేనిది బయటే మిగిలిపోయింది. చిత్రం ఏమిటంటే, ఆ గెజిటీరు వచ్చిన 1915లోనే ప్రొద్దుటూరు మునిసిపాలిటీ అయింది. అక్కడి నుంచి ఆ పట్నం నిజమైన కథ మొదలవుతుంది. కేసీ కాలువ నీళ్లు, పత్తి వ్యాపారం, నూనె మిల్లులు, చివరకు దేశమంతా పేరు మోసిన బంగారు అంగళ్లు. రెండో బొంబాయి అని గొప్పగా చెప్పుకుంటాం. ఓడరేవు లేని, పెద్ద రాజధాని ఏదీ దగ్గర్లో లేని పెన్న ఒడ్డు పట్నానికి ఆ పేరు ఎట్లా వచ్చిందని ఓ కుర్రవాడు అడిగితే చేతికిచ్చే పుస్తకం కోసం తడుముకోవాల్సిందే. పెట్టుబడి ఎక్కడిది, నగలు చేసే పనివాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు, నమ్మకం మీద నడిచే అప్పుల లెక్క ఎట్లా సాగింది అన్నవి కొద్ది కుటుంబాల జ్ఞాపకాల్లో, పాత చిట్టా ఆవర్జాల్లో ఉన్నాయి. అమ్మవారిశాల దసరా వైభవం ఏటా పత్రికలకు ఎక్కుతుంది, దాన్ని నిలబెట్టిన వ్యాపారం చరిత్ర మాత్రం ఎక్కదు.

జమ్మలమడుగు, పులివెందులలది ఇంకో రకం ఇబ్బంది. వాటిని రాజకీయం కప్పేసింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి 1949లో జమ్మలమడుగులో పుట్టి, అక్కడి మిషన్ ఆసుపత్రిలో కొన్నాళ్లు వైద్యం చేసి, 1978లో పులివెందుల నుంచి శాసనసభకు పోయి, 2004లో ముఖ్యమంత్రి అయ్యారు. ఇదంతా చరిత్రే, కాదనలేం. కానీ పులివెందుల అనగానే ఒక ఇంటిపేరు తప్ప ఇంకేమీ గుర్తుకు రాకపోవడం ఆ ఊరికి అన్యాయం. కపిల బావుల నుంచి కరెంటు మోటారుకు, మోటారు నుంచి వందల అడుగుల బోరుకు, బోరెండి చీనీ తోటలు కొట్టేసుకున్న దశ నుంచి డ్రిప్పుకు, అరటికి ఆ నేల ఒక్క తరంలో ఎన్ని మలుపులు తిరిగిందో రాస్తే మెట్ట సేద్యానికే పాఠ్యపుస్తకం అవుతుంది. ఆ పక్కనే తుమ్మలపల్లెలో యురేనియం తవ్వకం వచ్చి కూర్చుంది. జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్ల క్యాంబెల్ ఆసుపత్రి, మిషన్ బడులు దళిత కుటుంబాల బతుకుల్లో తెచ్చిన మార్పు, నేతగాళ్ల మగ్గాలు, ఎర్రగుంట్ల దారి పొడవునా నాపరాతి గనులు, వీటిలో ఏ ఒక్కటీ చిన్న విషయం కాదు. బొంబాయి వంటిళ్లలో గట్టుకు పరిచే నల్లబండను వాళ్లు కడప్పా అనే పిలుస్తారు. దాన్ని తవ్విన కూలీ పేరు గనుల ఊళ్లలో కూడా ఎక్కడా రాసి లేదు.

అధికారం తన గురించి తాను రాసుకునే రాతను నమ్ముకుంటే ఏమవుతుందో చూడటానికి జమ్మలమడుగు చుట్టుపక్కలే మంచి ఉదాహరణ ఉంది. ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో బ్రహ్మణి పేరుతో శంకుస్థాపన జరిగింది. 2018లో కంబాలదిన్నె దగ్గర ఇంకోటి, 2019లో సున్నపురాళ్లపల్లె దగ్గర మరోటి, 2023లో అక్కడే మళ్లీ ఒకటి. వెయ్యేళ్ల తర్వాత శాసన పరిశోధకులెవరైనా ఈ శిలాఫలకాలు బయటికి తీస్తే ఇక్కడ నాలుగు ఉక్కు కర్మాగారాలు వెలిగాయని తేల్చినా ఆశ్చర్యం లేదు. అక్కడికి దగ్గర్లోని కలమళ్లలో, సుమారు 575 నాటి రేనాటి చోళ ధనుంజయుని శాసనం ఉంది. మనకు దొరికిన తొలి తెలుగు శాసనంగా పేరుపడిందది. దానికి పక్కనే థర్మల్ విద్యుత్ కేంద్రం పొగ గొట్టాలు లేచాయి. తెలుగుకు 2008లో ప్రాచీన హోదా వచ్చినప్పుడు ఈ రాయి పేరు మారుమోగింది. శాసనం దానమిచ్చిన వాణ్ణి చెబుతుంది. ఆ నేలను దున్నిన వాళ్ల సంగతి దాని నుంచి ఆశించలేం.

కైఫియత్తులన్నీ పుక్కిటి పురాణాలే గదా అని చరిత్రకారులు అంటారు. కొంతవరకు ఒప్పుకోవాలి. గండికోటనే తీసుకోండి. కల్యాణి చాళుక్య ఆహవమల్ల సోమేశ్వరుని సామంతుడైన కాకరాజు 1123లో కట్టించాడని ప్రచారంలో ఉంది. ఆ సోమేశ్వరుడు 1068లోనే చనిపోయాడు! కథ ఒకటి, సంవత్సరం ఒకటి ఎక్కడో అతుక్కున్నాయి. కానీ 1652లో ఆ కోట చూసిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే రాత, మీర్ జుమ్లా కాలపు ఆధారాలు, శాసనాలు పక్కన పెట్టుకుని చూస్తే ఏది అతుకో ఏది అసలో తేలుతుంది. తప్పు తేల్చడానికైనా ముందు ఎవరో ఒకరు రాసి ఉండాలి. ఇంతకన్నా బలమైన అభ్యంతరం వేరే ఉంది. కైఫియత్తులో మాట్లాడింది ఎక్కువగా కరణం, గుడి పూజారి, ఊరి పెద్ద. మాలవాడ, మాదిగవాడ, సాలెవీధి, ఆడవాళ్లు అందులో దాదాపు నోరెత్తరు. కాబట్టి మనం తీసుకోవాల్సింది ఆ పద్ధతిని. ఎవర్ని అడగాలన్నది మనం మార్చుకోవాలి.

ఆ లోటు సాహిత్యం తీర్చిందిగా అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలో పస ఉంది. పైడిపాలెంలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి, ఊళ్ల పేర్ల మీదే పరిశోధన చేసిన కేతు విశ్వనాథరెడ్డి, ప్రొద్దుటూరు దాదా హయాత్, వేంపల్లె నుంచి గంగాధర్, షరీఫ్ దాకా ఈ నేల ఇచ్చినన్ని కథలు పెద్ద పట్నాలు కూడా ఇవ్వలేదు. కరువును, బోరుబావిని, ముస్లిం వీధిని వాళ్లు చూపినట్టు ఏ గెజిటీరూ చూపలేదు. అయినా కథకుడికి తేదీతో పనిలేదు, పేరు మార్చే హక్కు ఉంది, రెండు ఊళ్లను కలిపి ఒకటి చేసే స్వేచ్ఛ ఉంది. ఆ హక్కులను గౌరవిస్తే కథను సాక్ష్యంగా నిలబెట్టి అడగకూడదు.

అన్నిటికన్నా కష్టమైంది ఫ్యాక్షన్ మాట. ఇటీవలి చరిత్ర రాయబోతే ఎవరి తాత ఎవర్ని చంపించాడన్న దగ్గరికే వస్తుంది, మానుతున్న పుండు గెలకడం ఎందుకు అంటారు. ఈ భయం ఉత్తది కాదు, ఇప్పటికీ సాక్షి చెప్పడానికి వెనకాడే ఇండ్లున్నాయి. అయితే మనం మానుకున్నంత మాత్రాన ఎవరూ రాయకుండా ఆగలేదు. తెలుగు సినిమా సుమోలతో, బాంబులతో తన కైఫియత్తు తాను రాసుకుంది. మన పిల్లలు హైదరాబాదులో హాస్టలు గదిలో చేరగానే ఎదుర్కొనే మొదటి ప్రశ్న అందులోంచే వస్తుంది. దీనికి జవాబు హత్యల జాబితా కాదు. ఆ రోజుల్లో ఊరు ఎట్లా బతికింది, సంత ఎట్లా జరిగింది, వలస పోయినవాళ్ల పొలం ఎవరు చేశారు, విధవరాండ్రు పిల్లల్ని ఎట్లా చదివించారు అన్నదే. మెకంజీ మనుషులు పాలెగాళ్ల కొట్లాటల గురించి అడిగిందీ ఆ మంట చల్లారకముందే. ఇక అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, వీడియోలు చాలవా అనేవాళ్లకు ఒకటే మాట. తీసినవాళ్ల పేరు, చెప్పినవాళ్ల పేరు, తేదీ లేని వీడియో రేపు దేనికీ సాక్ష్యం కాదు.

ఇది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది, బ్రౌన్ పేర లేచిన ఆ గ్రంథాలయం దాని అధీనంలోనే ఉంది. మూడు పట్నాల్లోనూ డిగ్రీ కాలేజీలున్నాయి. చరిత్ర చదివే ఒక్కో విద్యార్థి చేత ఒక్కో వీధి కైఫియత్తు రాయిస్తే ప్రాజెక్టు మార్కులకు అంతకన్నా మంచి ఉపయోగం ఉండదు. ప్రొద్దుటూరు పురపాలక సంఘం తన పాత తీర్మానాల పుస్తకాలను చెదలకు వదలకుండా స్కాన్ చేయిస్తే నూరేళ్ల పట్నం సగం బయటికి వస్తుంది. బంగారు వర్తకుల సంఘాలు పాత చిట్టాలు చూపించడానికి తటపటాయిస్తాయి. అందుకు వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి కాబట్టి ముందు అంగడి పనివాళ్లను అడగొచ్చు. కానీ మొదలుపెట్టాల్సింది మాత్రం ముంపు కాలనీల్లోనే. పాత తాళ్లప్రొద్దుటూరులో ఏ గడప పక్కన ఏ గడప ఉండేదో వరస తప్పకుండా చెప్పగలిగినవాళ్లు ఇంకా అక్కడ ఉన్నారు. వాళ్లలో చాలామందికి డెబ్బై దాటింది. శాసనాలూ రికార్డు గదులూ వచ్చే ఏడాదికీ ఉంటాయి.