చిత్రసంక్షేపణము - గణనభారము

తిరుమల బ్రహ్మోత్సవములలో ఐదవనాటి గరుడసేవను, మాడవీథులకు పోజాలనివారు ఇండ్లలో కూర్చుండి చూచుచున్నారు. 2008లో దేవస్థానమువారు నెలకొల్పిన భక్తి చానెలు ఈ సదుపాయమును కలిగించినది. అయితే ఆ దృశ్యమును ఉన్నదున్నట్లు పంపుట దుస్సాధ్యము. 1920 నిలువు వరుసలును, 1080 అడ్డు వరుసలును గల బొమ్మలను సెకనుకు 25 చొప్పున పంపవలెనన్న, సుమారు 62 కోట్ల బిట్లు కావలెను. కావున పంపుటకు ముందు వానిని కుదింపవలసియున్నది. కుదించు సాధనమునకే ఎన్‌కోడరని పేరు. దాని శ్రమను తగ్గించుట యెట్లను ప్రశ్న నిపుణుల గోష్ఠులకు మాత్రమే విడువదగినది కాదని మా యభిప్రాయము.

2013 నాటి హెచ్.ఇ.వి.సి. విధానము, 2003 నాటి ఎ.వి.సి.కంటె ఇంచుమించు సగము బిట్లతోనే అంత స్పష్టత నిచ్చుచున్నది. ఆ లాభమునకు మూల్యమేమి? రైతుల కర్థమగునట్లు చెప్పెదము. బొమ్మను 64 చుక్కల పొడవు, అంతే వెడల్పు గల చేలుగా విభజింతురు. ఒక్కొక్క చేనును మొత్తముగ నొకసారి, నాలుగు మళ్లుగ నొకసారి, పదునారుగ, అరువదినాలుగుగ కొలిచి, ఏది చౌకయో తేల్చవలెను. చేనికి 85 కొలతలు. సెకనుకు పదిలక్షలకు పైబడినవి! ప్రతి కొలతయందును మరల 35 విధముల ఊహలను పరీక్షింపవచ్చును. ప్రత్యక్ష ప్రసారములో బొమ్మకు సగటున దొరకు వ్యవధియో, సెకనులో ఇరువదియైదవ పాలు.

చీకటి యాకాశము నెన్ని మళ్లుగ చీల్చినను ఫలమేమి? ఏకరీతిగ నున్నదానిని మొదటి కొలతతోనే విడిచి, దీపములు, గొడుగులు, జనసమ్మర్దము నున్నచోటనే గట్లు వేయుట బుద్ధిమంతుల పని. కదలికను వెదకుటలోను ఇంతే. ఏడు చుక్కల దూరమువరకు అన్నివైపుల వెదకినచో 225 స్థానములు. 1981లో వెలువడిన మూడంచెల పద్ధతిలో 25 చాలును. ఒక్కొకప్పుడు మేలైన స్థానము తప్పిపోవును, బిట్లు కొంత పెరుగును. ఆ నష్టమును దాచక చెప్పిన పరిశోధనమునే మేము నమ్ముదుము.

యంత్రములు ఏటేట వేగవంతములగుచుండగా ఈ పొదుపేల యనువారు కలరు. వారు 2020 నాటి వి.వి.సి.ని చూతురుగాక: చేను 128 చుక్కలైనది, ఊహలు 67 అయినవి. వేలకొలది యంత్రములుగల మహాకంపెనీలకు ఇది భారము కాకపోవచ్చును. పాఠములను చిత్రించి పంపదలచిన చిత్తూరు కళాశాల మాట యేమి?

ఈ పొదుపు మనవారికి క్రొత్తగాదు. బొమ్మలోని సారమును కొలది అంకెలలో కూర్చు కొసైను పరివర్తనమును 1974లో ప్రకటించిన మువ్వురు నాసిర్ అహమ్మదు, నటరాజన్, కామిశెట్టి రామమోహనరావుగార్లు. అహమ్మదుగారు ధనసాహాయ్యము కోరగా అమెరికా జాతీయ విజ్ఞానసంస్థ నిరాకరించినది; ఊహ మరీ సులభముగ నున్నదని యొక పరీక్షకుని యాక్షేపణయట! సులభమగుటయే దాని గుణమని ఆయనకు తోచలేదు కాబోలు. ఎనిమిదంకెల వరుసకు నేరుగ లెక్కించిన 64 గుణకారములు కావలసిన ఆ పరివర్తనము, 1989 నాటికి 11 గుణకారములకు దిగినది. మద్రాసు విశ్వవిద్యాలయ పట్టభద్రులైన రామమోహనరావుగారు టెక్సాసునందలి ఆర్లింగ్టనులో శిష్యులచే ఎన్‌కోడరు శ్రమను తగ్గించు పరిశోధనములు చేయించి, 2021లో గతించిరి.

ఆ పని టెక్సాసులో జరుగవచ్చును గాని తిరుపతిలో జరుగరాదా? ఇచ్చట 1954 నుండి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 2015 నుండి ఐ.ఐ.టి.యు నున్నవి. కదలని గోపురము, ఊగు గొడుగు, వేల ముఖములు ఒక్క బొమ్మలో నిముడు గరుడసేవకంటె కఠినమైన పరీక్ష యేది? కుదింపని ఆ చిత్రములను దేవస్థానమువారు ఈ రెండు సంస్థల పరిశోధకులకు ఒసగి, ఫలితములు ఎల్లరకును ఉచితముగ లభించునట్లు షరతు విధింపవలెనని కోరుచున్నాము.