కొండ మనకు కొత్త కాదు

"కొండలెక్కితే ఉద్యోగమొస్తుందా?" కల్సూబాయికి వెళ్ళొస్తామని అడిగినప్పుడు మాకు మొదట ఎదురైన ప్రశ్న ఇది. అడిగిన పెద్దాయన మీద మాకు కోపం లేదు. ఇంట్లోనూ అదే అడిగారు. చదువుకోమని పంపితే పిల్లలు గుట్టలు పట్టుకు తిరగడమేమిటని వాళ్ళ బాధ.

నిజానికి కొండ మన వాళ్ళకు కొత్త కాదు. కట్టెల మోపు కోసం, సీతాఫలాల కోసం, మేకల వెంట మా అమ్మలు, నాయనమ్మలు ఎక్కని గుట్ట లేదు. కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా ఎక్కారు. దాన్నెవరూ ట్రెక్కింగ్ అనలేదు. పనేమీ లేకుండా, కొండ కోసమే కొండెక్కడం మాత్రం డబ్బున్న వాళ్ళ సరదాగా మిగిలిపోయింది. ఆ సరదా మాకూ కావాలనిపించింది, అంతే.

మహారాష్ట్రలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం కల్సూబాయి, 1646 మీటర్లు. గత డిసెంబరులో మేము తొమ్మిది మందిమి స్కాలర్‌షిప్ డబ్బుల్లో మిగిలింది పోగేసుకుని ఇగత్పురి దాకా రైల్లో, అక్కణ్ణుంచి జీపులో బారి అనే పల్లెకు చేరాం. గుడారాలు అద్దెవి, దుప్పట్లు హాస్టల్‌వి. రాత్రి చలికి ఒక్కరికీ నిద్ర లేదు. పైన ఎన్ని కప్పుకున్నా కింది నేల ఒంట్లోని వేడిని లాగేస్తుంది. ఊళ్ళో అడిగి గడ్డి తెచ్చి పరుచుకున్నాక గానీ కునుకు పట్టలేదు. మాలో ముగ్గురు ఫిజిక్సు వాళ్ళు. ఉష్ణవహనం మీద పరీక్షలో రెండేసి పేజీలు రాసిన వాళ్ళే!

తెల్లవారుజామున నాలుగింటికి టార్చిలైట్లతో బయల్దేరాం. హుషారుగా ముందుకురికిన ఇద్దరు సగం దారిలోనే చతికిలబడ్డారు. పక్కవాడితో మాట్లాడగలిగినంత వేగంతోనే నడవాలి, మాట రాకపోతే తొందరపడుతున్నట్టే. నిటారు బండల దగ్గర ఇనుప నిచ్చెనలున్నాయి. మంచుకు తడిసి చేతులు కొంకర్లు పోయాయి. పైన అమ్మవారి చిన్న గుడి, చుట్టూ సహ్యాద్రి కొండలు. ఎండ పడేదాకా ఎవరమూ మాట్లాడుకోలేదు.

అసలు కష్టం దిగేటప్పుడు. మావాడొకడు అరిగిన చెప్పులతో వచ్చాడు. రాయి మీద జారి చీలమండ బెణికింది. ఇద్దరిద్దరం భుజాలు పట్టి దించేసరికి మధ్యాహ్నం దాటింది. బూట్లు తెచ్చుకోమని వాడికి ముందే చెప్పాం. "ఇవి చాల్లేరా" అన్నాడు. కొనలేక అంటున్నాడని తెలిసీ ఊరుకున్నాం. ఆ తప్పు మాదే.

ఇప్పుడది చూపించి "చూశారా, ప్రమాదం" అంటున్నారు. మేమొప్పుకోం. జారింది అరిగిన చెప్పు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ మనలాగే సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన పిల్లలు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. భువనగిరి కోట బండ మీద మొదలుపెట్టి డార్జిలింగ్‌లో, లడఖ్‌లో తర్ఫీదు పొంది, టిబెట్ వైపు నుంచి ఎక్కారు. 2022 నాటికి పూర్ణ ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలనూ ఎక్కేసింది. ప్రతి వార్షికోత్సవంలోనూ వాళ్ళ పేర్లు చెప్పి చప్పట్లు కొడతాం. వాళ్ళకు బూట్లు, తాళ్ళు, నెలల తరబడి శిక్షణ ఎవరో ఇచ్చారని, "పంపిద్దాం" అని ఎవరో సంతకం పెట్టారని మాత్రం వేదిక మీద ఎవరూ అనరు.

మేమడిగేది ఎవరెస్ట్ కాదు. హాస్టల్‌కు పది జతల మంచి బూట్లు, నాలుగు గుడారాలు, కింద పరిచే మందపాటి చాపలు, ఏడాదికొక శిక్షణ శిబిరం. క్రికెట్ కిట్టు కొన్నట్టే ఇవీ కొనొచ్చు. ఒకసారి కొంటే వరుసగా ఎన్నో బ్యాచ్‌లు వాడుకుంటాయి.

ఇంకొక మాట. మేము తొమ్మిది మందిమీ అబ్బాయిలమే. అమ్మాయిల హాస్టల్ నుంచి ఆరుగురు వస్తామన్నారు, వాళ్ళకు అనుమతి దొరకలేదు. ఈసారి భువనగిరికి పన్నెండు మంది పేర్లిచ్చారు. ఆ కాగితం మీద ఇంకా సంతకం పడలేదు.