మా ప్రయాణాలన్నీ వలసలేనా?



ఈ వారం వేరే విషయం రాద్దామనుకున్నాను. కానీ పది రోజులుగా నా టేబుల్ మీద ఒక ఫైలు ఉంది. జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కాలేజీలో పెట్టాల్సిన సెలవు అర్జీ, ఒక రోడ్డు మ్యాపు. వచ్చే వేసవిలో నేనూ ముగ్గురు మిత్రులూ కారు అద్దెకు తీసుకుని బెర్లిన్ నుంచి బుడాపెస్ట్ దాకా వెళ్లాలని ప్లాను. జర్మనీ, చెక్, పోలండ్, స్లొవాకియా, హంగరీ. ఐదు దేశాలు, సుమారు 1400 కిలోమీటర్లు.

స్టాఫ్ రూములో ఈ మాట చెబితే ఒకాయన నవ్వి, "మీకేం సార్, గవర్నమెంటే పంపిస్తుందిలే" అన్నాడు. ఉద్యమంలో మాతో తిరిగే ఒక తమ్ముడు ఇంకో మాటన్నాడు: "అన్నా, మన కాలనీకి ట్యాంకరు రాక వారమైంది. నువ్వేమో యూరప్ టూరంటావు." మొదటాయనకు నేను జవాబు చెప్పను. తమ్ముడికి చెప్పాలి. ఈ భాగం వాడి కోసం.

మా అమ్మకు ప్రయాణమంటే ఒకటే అర్థం. శెనక్కాయ ఎండిపోయిన ఏడాది మూట కట్టుకుని బెంగుళూరు పోవడం. నన్ను అవ్వ దగ్గర వదిలి, అమ్మా నాయనా కాంక్రీటు పనికి పోయినారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. అది కూడా పడాల్సినప్పుడు పడదు. మాకు రోడ్డంటే పని ఉన్న చోటికి పోయే దారి. యూరప్ సంగతి చెబితే అమ్మ అడిగింది: "యాడికి పోతావు నాయినా? ఆడ పనేమన్నా దొరికిందా?" పనికి కాదమ్మా, చూసేదానికి అన్నాను. "చూసేదానికి అంత దూరమా!" అని చాలాసేపు నన్నే చూసింది.

ఆ ఆశ్చర్యమే ఈ వ్యాసం. చూడటానికి ప్రయాణం చెయ్యొచ్చన్న సంగతి మన వెలివాడలకు తరతరాలుగా తెలియకుండా పోయింది. మనం ఊరు దాటితే దానికి పేరు వలస. వాళ్లు ఊరు దాటితే దానికి పేరు యాత్ర.

తెలుగులో యాత్రా సాహిత్యం అనగానే మేం క్లాసులో చెప్పే మొదటి పేరు ఏనుగుల వీరాస్వామయ్య. 1830 మే నెలలో మద్రాసు నుంచి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్ర గొప్ప పుస్తకమే. నాకూ ఇష్టమే. కానీ ఆయన ప్రయాణం పల్లకీలో. మోసిన బోయీలు కూడా కాశీ దాకా పోయారు కదా! నిజానికి నడిచింది వాళ్లే. వాళ్లు ఏం చూశారో, ఏ బావి దగ్గర దాహం తీర్చుకున్నారో వాళ్ల మాటల్లో మనకు దొరకదు. పరీక్షలో ఆ ప్రశ్న ఎవరూ అడగరు.

మన రోడ్డు ప్రయాణం ఎలా ఉంటుందో రాసింది బాబాసాహెబ్. 1934లో సుమారు ముప్పై మంది సహచరులతో బస్సులో ఎల్లోరా చూడటానికి బయల్దేరి, దారిలో దౌలతాబాద్ కోట దగ్గర ఆగారు. దుమ్ము కొట్టుకుపోయిన ముఖాలూ కాళ్లూ అక్కడి చెరువులో కడుక్కున్నారు. నీళ్లు మైలపడ్డాయని ఒక ముస్లిం వృద్ధుడు అరుచుకుంటూ వచ్చాడు. గుంపు చేరింది. చివరికి లోపల ఎక్కడా నీళ్లు ముట్టకూడదన్న షరతు మీద, సాయుధ కాపలాతో కోట చూడనిచ్చారు. హిందువుకు అంటరానివాడు ముస్లింకూ పార్సీకీ కూడా అంటరానివాడే అవుతాడని చూపడానికే ఆయన ఇలాంటి అనుభవాలు రాశారు. ఆ రచన పేరు చూడండి: వెయిటింగ్ ఫర్ ఎ వీసా. దేశం దాటడానికి కాదు, స్వదేశంలో చెరువు గట్టు దాటడానికి వీసా!

నేను అనంతపురంలో అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు ప్రతి ఇంటి ముందూ ఆ వీసా ఇంటర్వ్యూ జరిగింది. "సార్, ఇంటిపేరేంటి? మీవాళ్లంతా ఏ పక్క?" డాక్టరేట్ ఉందంటే కాఫీ ఇచ్చారు. కులం తెలిశాక, ఇల్లు మా అల్లుడికి కావాల్సొచ్చింది అన్నారు.

ఇప్పుడు అసలు వీసా సంగతి. షెంగెన్ వీసా ఒకటి తీసుకుంటే 29 దేశాల్లో తిరగొచ్చు, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించకుండా. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికి దరఖాస్తు పెట్టాలి. ఫీజు 90 యూరోలు, పైన సర్వీసు చార్జీలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. కారు నడపాలంటే ఆర్టీవో ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి, అది ఏడాది చెల్లుతుంది. చెక్, స్లొవాకియా, హంగరీ హైవేలకు ఏ దేశానికి ఆ దేశం రోడ్డు పన్ను ముందే ఆన్‌లైన్‌లో కట్టాలి. అద్దె కారు సరిహద్దు దాటొచ్చని ఒప్పందంలో రాయించుకోవాలి. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవే.

నన్ను ఆపింది వేరే. తిరిగి వస్తావన్న రుజువు కావాలంటారు: ఉద్యోగం, ఆస్తి, బ్యాంకులో డబ్బు. నాకు పర్మినెంటు ఉద్యోగం ఉంది కాబట్టి ఫైలు నిండింది. నా పక్క టేబుల్ గెస్ట్ లెక్చరరు సంగతేంటి? సెంటు భూమి లేని మన పిల్లల సంగతేంటి? భూమి లేనోడు తిరిగి రాడని ఆ ఫైలుకు అనుమానం. మా అమ్మానాయనా బెంగుళూరు పోయినప్పుడు తిరిగొస్తారా అని ఎవరూ అడగలేదు. వాళ్లు రాకపోయినా ఎవరికీ నష్టం లేదు మరి.

ఇక దారి. ఈఫిల్ టవర్ మా మ్యాపులో లేదు. బెర్లిన్‌లో పార్లమెంటు భవనం దగ్గర, నాజీలు చంపిన రోమా, సింటీ ప్రజల స్మారకం ఉంది. 2012లో తెరిచారు. ఆ హత్యాకాండను పశ్చిమ జర్మనీ అధికారికంగా ఒప్పుకుందే 1982లో! తర్వాత ప్రాగ్ మీదుగా చెక్ నగరం ఓస్ట్రావా. రోమా పిల్లలను మందబుద్ధుల బడుల్లోకి తోసేస్తున్నారని అక్కడి 18 మంది పిల్లలు యూరప్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లి 2007 నవంబరులో గెలిచారు. అక్కడికి దగ్గర్లోనే, పోలండ్‌లో ఆష్విట్జ్. 1944 ఆగస్టు 2 రాత్రి అక్కడి రోమా శిబిరంలో మిగిలిన వేలమందిని గ్యాస్ గదులకు పంపారు.

చివరి మజిలీ ఈశాన్య హంగరీలోని షాయోకజా అనే పల్లె. అక్కడ రోమా యువత కోసం జై భీమ్ నెట్‌వర్క్ అనే బౌద్ధ సంఘం 2007లో మొదలుపెట్టిన బడి పేరు డాక్టర్ అంబేద్కర్ స్కూలు. ఈ సంగతి మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన కాలనీ కూడలిలో వేలు చూపించి నిలబడ్డ మనిషి, అంత దూరంలో ఇంకొకరి బడికి పేరయ్యాడు.

ఒక జాగ్రత్త. రోమాలు మన దళితులే అని తేల్చేయొద్దు. వాళ్ల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కింద భారతదేశం వైపు నుంచి వెళ్లారని వాళ్ల భాషే చెబుతుంది. నీళ్లను పానీ అంటారు. ఏ కులాలవాళ్లు వెళ్లారన్నది ఇంకా వాదనలోనే ఉంది. బంధుత్వం రక్తంలో వెతకక్కర్లేదు. బడిలో వేరే బెంచీ, ఊరి చివర ఇల్లు, చూడగానే దొంగ అన్న అనుమానం. అది చాలు మాట్లాడుకోవడానికి.

ఇప్పుడు తమ్ముడికి జవాబు. ట్యాంకరు కోసం ధర్నాలో నేనుంటాను, ఉన్నాను. కానీ పది బోర్లున్న ఆసామి కొడుకు డాలస్ నుంచి స్విట్జర్లాండ్ ఫోటోలు పెడితే, ఊళ్లో నీళ్లు లేవు కదా అని ఎవరూ అడగరు. మన సంతోషానికి మాత్రం మనమే లెక్క చెప్పుకోవాలి. ఆ లెక్క అడిగే అలవాటు మనలోకి ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించు. ప్రాగ్ వంతెన మీద సాయంత్రం ఊరికే నిలబడాలని కూడా నాకుంది. అందులో తప్పేముంది?

పైగా మన దారులు మూసే పని చల్లగా జరుగుతోంది. 2022లో కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మార్గదర్శకాలు మార్చి, భారత సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధనలను ఆ పథకం నుంచి తీసేసింది. విదేశంలో కులం గురించి చదవడానికి ఆ డబ్బు రాదన్నమాట. మనం బయటికి పోయి మాట్లాడితే ఎవరికి ఇబ్బందో వేరే చెప్పాలా?

మొన్న మా క్లాసులో పాస్‌పోర్ట్ ఎంతమందికి ఉందని అడిగాను. రెండు చేతులే లేచాయి. విద్యార్థి మిత్రులారా, 1500 రూపాయలు కూడబెట్టి పాస్‌పోర్ట్ తీసుకోండి. పదేళ్లు చెల్లుతుంది. నలుగురు కూర్చుని ఒక మ్యాపు గీయండి. మహాడ్ చెరువుకో, కారంచేడుకో, షాయోకజాకో. పోయి చూడండి. తిరిగొచ్చి రాయండి.

నా వీసా వస్తుందో రాదో తెలియదు. అమ్మ మాత్రం నిన్న ఫోన్లో అడిగింది: "ఆ అంబేద్కర్ బడి పిల్లోళ్లకు ఏమన్నా తీసకపోతావా? శెనక్కాయ ఉండలు చేసిస్తా."

జై భీమ్.