నల్లమల తొవ్వకు తాళంచెవి ఎవరి చేతిల ఉండాలె?

నల్లమలల ట్రెక్కింగ్ తొవ్వలు పన్నెండు నెలలు తెరిచి పెట్టాలనే మాట గీ నడుమ పట్నంల బాగ వినవడుతున్నది. శనారం, ఆదివారం వస్తె శ్రీశైలం రోడ్డు మీద కార్లు బారులు కడుతున్నయి. మన్ననూరు కాడ కాటేజీలు పడ్డయి, ఫర్హాబాద్‌కు సఫారీ బండ్లు నడుస్తున్నయి. సర్కారు సుత 2025ల తెచ్చిన టూరిజం పాలసీల ఎకో టూరిజం గురించి గట్టిగనే చెప్పింది. పిల్లలు ఫోన్లు పక్కకు పెట్టి గుట్టలెక్కుతమంటె నేనెందుకు వద్దంట? సంబురమే. గని రెండు ముచ్చట్లు తేలాలె. ఒకటి, అడివి ఏడాది పొడుగూత మనకోసం తెరిచి ఉంటదా? రెండు, తెరిచేది ఎవరు, మూసేది ఎవరు?

మొదటిదాని జవాబు అడివే చెప్తది. అమ్రాబాద్ టైగర్ రిజర్వు 2,600 చదరపు కిలోమీటర్లకు పైన ఉన్నది. జులై నుంచి సెప్టెంబర్ దాక అక్కడ సఫారీ బంద్ పెడ్తరు. వానలకు బాటలు బురదయితయి, వాగులొస్తయి, జంతువులకు సుత జర ఏకాంతం కావాలె. ఎండకాలం సంగతి ఇంకో తీరు. నల్లమల ఆకురాల్చే అడివి. మార్చి ఒడిసేసరికి కింద మొత్తం ఎండుటాకు పరుపే. ఒక్క బీడీ ముక్క చాలు.

ఇది భయపెట్టే మాట కాదు. 2018 మార్చిల తమిళనాడు తేని జిల్లా కురంగణి గుట్టల మీద కార్చిచ్చుల చిక్కుకొని ఇరవై మందికి పైగా ట్రెక్కర్లు సచ్చిపోయిండ్రు. దానెన్క తమిళనాడు నేర్చుకున్నది. 2024 అక్టోబర్ల ‘ట్రెక్ తమిళనాడు’ పేరుతోని 40 తొవ్వలు ఒక్కతాన చేర్చి, ఆన్‌లైన్ బుకింగు పెట్టి, ఊరోళ్లనే గైడ్లుగ తీసుకున్నది. మంటల కాలంల మాత్రం తొవ్వలు మూస్తున్నది. కర్ణాటకల 2024 రిపబ్లిక్ డే సెలవులకు కుమారపర్వతం మీదికి వేలమంది ఒక్కపారే ఎగవడ్డరు. దాంతోని అక్కడి సర్కారు బుకింగు లేని ట్రెక్కులు ఆపేసి, తర్వాత ఒక్కో తొవ్వకు దినాం 300 మందికి మించొద్దని పెట్టింది. పక్క రాష్ట్రాలు దెబ్బతిని లెక్కలు పెట్టుకున్నంక, మనం మళ్ల దెబ్బ తినేదాక ఆగుడెందుకు?

ఇగ రెండో ముచ్చట. నల్లమలల కొత్తగ తొవ్వలు ఏసే పనేం లేదు. ఎన్కటి నుంచే ఉన్నయి. తేనె కోసం, గడ్డల కోసం, బంక కోసం చెంచులు నడిచిన తొవ్వలవి. ఒక పెంట నుంచి ఇంకో పెంటకు చుట్టరికాలు నడిచిన తొవ్వలు. ఆంధ్ర దిక్కు నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదికెళ్లి కైలాసద్వారం ఎక్కి, శివరాత్రికి, ఉగాదికి శ్రీశైలం పోయే తొవ్వ ఉన్నది. కర్ణాటక నుంచి సుత భక్తులు దాని మీదనే కాలినడకన వస్తరు. మన దిక్కు చైత్ర పున్నమికి ‘వస్తున్నం లింగమయ్యా’ అని మొక్కుకుంట లోయలకు దిగే సలేశ్వరం తొవ్వ ఉన్నది. అక్కడ పూజార్లు చెంచులే. గా తొవ్వ సుత ఏడాదిల కొన్ని దినాలే తెరుస్తరు. అంటె నడక మనకు పట్నం క్లబ్బులు నేర్పింది కాదు. ఎప్పుడు పోవాలె, ఎప్పుడు పోవద్దు అనేది సుత ఈ మట్టిల ముందునుంచే ఉన్నది.

గిక్కడనే నాకు కడుపు మండేది. గా తొవ్వలేసినోళ్లకేమో “మీరుంటె పులికి ఇబ్బంది, మైదానానికి దిగుండ్రి” అని చెప్తరు. కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ చూపెడ్తరు. అదే అడివిలకు పట్నం నుంచి టికెట్టు కొనుక్కొని వచ్చేటోళ్లకు స్వాగతం బోర్డు పెడ్తరు. చెంచు కాలు పడితె పులి బెదురుతదట, బూటు కాలు పడితె బెదరదట! జీపు మోతకు బెదరని పులి, తేనె తీసేటోని అడుగుకు బెదురుతదా? మీరే సోచాయించుండ్రి.

చట్టం ఇంత అన్యాలంగ లేదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, ముందుగాల హక్కులు తేల్చి, గ్రామసభ మనస్ఫూర్తిగ ఒప్పుకుంటెనే ఎవరినన్న కదిలియ్యాలె. చెంచుల లెక్కటి ఆదిమ తెగలకు అదే చట్టంల ఆవాస హక్కు అని ఒకటున్నది. ఇల్లు, చేను కాదు, తాతల నాటి నుంచి తిరిగిన జాగ మొత్తం మీద హక్కు. మధ్యప్రదేశ్ దిండోరి జిల్లల బైగాలకు అది ఇచ్చిండ్రు కూడ. టూరిజం సంగతి సుత రాసే ఉన్నది. 2012ల సుప్రీంకోర్టు కొన్ని నెలలు కోర్ ఏరియాల టూరిజం ఆపింది. తర్వాత వచ్చిన కేంద్రం గైడ్‌లైన్స్ ప్రకారం, కోర్‌ల 20 శాతం జాగకు మించి టూరిస్టులను తిప్పొద్దు. వచ్చే ఆమ్దానీల స్థానికుల బతుకుదెరువుకు వాటా ఉండాలె. కాయిదం మీద అంత మంచిగనే ఉన్నది. గేటు కాడ వసూలైన పైసలల్ల పెంటలకు ఎంత చేరిందో గ్రామసభల సదివి చెప్పే ఆఫీసరు కావాలె.

“చెంచులకు టూరిజం ఎట్ల తెలుస్తది” అని కొందరు అడుగుతరు. కేరళ పెరియార్‌కు పోయి చూడుండ్రి. అక్కడ ఎన్కట అడివిల చాటుగ చెట్ల బెరడు గీకి అమ్ముకున్నోళ్లే ఇయ్యాల గైడ్లు, కాపలాదార్లు. మన్నాన్, పలియన్ గిరిజనులు టూరిస్టులను నడిపిస్తున్నరు. మన అమ్రాబాద్‌ల సుత అడివి కాపలాకు బేస్ క్యాంపులల్ల ఉన్నది చాలామట్టుకు చెంచు పిలగాళ్లే. పులి అడుగు చూసి ఎటు పోయిందో చెప్పేటోనికి, పది మందిని గుట్ట ఎక్కిచ్చి దించుడు కష్టమా?

ఒక భయం నాకు సుత ఉన్నది. టూరిజం పేరుతోని చెంచులను బొమ్మల లెక్క నిలవెట్టి, చేతికి విల్లు ఇచ్చి ఫోటోలు దిగే తమాషా మొదలైతది. అందుకనే కొలువు ఒక్కటిస్తె సాలదు, కాదనే హక్కు సుత ఇయ్యాలె. ఏ తొవ్వ తెరువాలె, ఏది మూయాలె, దినాం ఎందరు రావాలె, ఏ పెంట దిక్కు ఎవ్వరూ పోవద్దు అనేది గ్రామసభ చెప్పాలె. ఫారెస్టోళ్లు దాని మాట ఇని రక్షణ సూడాలె.

నేనడిగేది పెద్దగేం లేదు. చలికాలం నడుసుండ్రి, మస్తుగ నడుసుండ్రి. వానకాలం కోర్ మూస్తె ఉమామహేశ్వరం లెక్కటి అంచు గుట్టలు చూడుండ్రి. ఎండకాలం అడివిని దాని మానాన ఇడిసిపెట్టుండ్రి. పోయిన ప్రతిసారి స్థానిక గైడే కావాలని అడుగుండ్రి. కట్టిన పైసలకు రసీదు అడుగుండ్రి. తీస్కపోయిన ప్లాస్టిక్ తిరిగి తెచ్చుకోండ్రి.

2019ల యురేనియం తవ్వుతమని వస్తె, పట్నపోళ్లు సుత చెంచుల పక్కన నిలవడ్డరు. ఆ సెప్టెంబర్ల అసెంబ్లీ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అప్పుడు ‘నల్లమలను కాపాడుండ్రి’ అన్నోళ్లు, ఇయ్యాల నల్లమలల నడిచేటోళ్లు చాలామట్టుకు ఒక్కటే మంది. అప్పుడు గనుల మీద అడిగినట్టే, ఇప్పుడు పెంటలను ఖాళీ చేయించుడు మీద సుత అడగాలె. అడివి బిడ్డను బయటికి నూకి, వాని తొవ్వ మీద మనం సెల్ఫీలు దిగుడు సరదా ఎట్లయితది?